కారు ఏసీ చల్లగా రావట్లేదా? గ్యారేజీకి పోయేముందు పది నిమిషాలు మీరే చూసుకోండి

మధ్యాహ్నం రెండు గంటలు. బయట 46 డిగ్రీలు. మేడమ్‌ని, పిల్లల్ని స్కూలు దగ్గర ఎక్కించుకుని బయల్దేరారు. రెండు సిగ్నళ్లు దాటేసరికి ఏసీలోంచి వేడి గాలి మొదలైంది. వెనక సీటులోంచి "ముకయ్యఫ్ ఖర్బాన్?" అని అడిగారు. సాయంత్రం కఫీల్ పిలిచి "బండిని ఏం చేశావు?" అంటాడు. మీ దగ్గర జవాబు ఉండదు. మర్నాడు సనాయాకి తీసుకెళ్తే గ్యాసు పోసి పంపుతారు. పది రోజులకి మళ్లీ అదే వేడి గాలి. మళ్లీ గ్యాసు. మూడోసారికి "కంప్రెషర్ పోయింది" అంటారు. అప్పుడు మాట మీ మీదికి వస్తుంది: "నువ్వు సరిగ్గా చూసుకోలేదు, జీతంలో పట్టుకుంటాను."

హౌస్ డ్రైవర్లుగా, కంపెనీ పికప్ డ్రైవర్లుగా, డెలివరీ వ్యాన్లు నడిపేవాళ్లుగా ఉన్న మనవాళ్లలో చాలామందికి ఈ కథ కొత్త కాదు. ఈ వ్యాసం చదివితే మీరు ఏసీ మెకానిక్ అయిపోరు. కానీ బండిలో ఏం జరుగుతోందో మీరే చూసి, దాన్ని సరైన మాటల్లో కఫీల్‌కీ, గ్యారేజీ ఉస్తాద్‌కీ చెప్పగలుగుతారు. అలా చెప్పగలిగే డ్రైవర్ని మోసం చేయడం కష్టం. తప్పు అతని మీదికి నెట్టడం ఇంకా కష్టం.

ముందు ఏసీ ఎలా పనిచేస్తుందో

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. కారు లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారేస్తుంది. ఆ మోత పని గ్యాసుది. చాలా కార్లలో ఉండేది ఆర్-134ఎ అనే గ్యాసు. కొత్త మోడళ్లలో ఆర్-1234వైఎఫ్ వస్తోంది. గల్ఫ్‌లో గ్యారేజీల వాళ్లు దేన్నైనా "ఫ్రియోన్" అనే అంటారు.

దారి ఇలా ఉంటుంది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెషర్ గ్యాసుని గట్టిగా నొక్కుతుంది. నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాసు బండి ముందు, రేడియేటర్‌కి ముందు వైపున ఉండే కండెన్సర్‌లోకి పోతుంది. అక్కడ ఫ్యాను గాలికి వేడి వదిలి ద్రవంగా మారుతుంది. తర్వాత ఒక సన్నని రంధ్రం ఉన్న వాల్వు గుండా డ్యాష్‌బోర్డు వెనక ఉన్న ఎవాపరేటర్‌లోకి చిమ్ముతుంది. అక్కడ ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, ద్రవం మరిగి ఆవిరవుతుంది. ఆ మరగడానికి కావాల్సిన వేడిని లోపలి గాలి నుంచే లాక్కుంటుంది. అందుకే మీకు చల్లగా తగులుతుంది. ఆవిరి మళ్లీ కంప్రెషర్‌కి పోతుంది.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఇది మూసిన చుట్టు. పెట్రోలు మండి ఖర్చయిపోయినట్టు గ్యాసు ఖర్చవదు. అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

"గ్యాసు అయిపోయింది" అంటే ఎక్కడో లీకు ఉన్నట్టే

రబ్బరు పైపుల నుంచి, జాయింట్ల నుంచి ఏడాదికి కొద్దికొద్దిగా పోవడం మామూలే. అయిదారేళ్ల బండికి ఒకసారి గ్యాసు తగ్గిందంటే నమ్మొచ్చు. కానీ పోయించిన పది రోజులకో నెలకో మళ్లీ తగ్గిందంటే కచ్చితంగా లీకు ఉంది. లీకు వెతక్కుండా మళ్లీ పోయడం అడుగు చిల్లు పడిన బిందెలో నీళ్లు పోసినట్టే.

దానివల్ల పోయేది డబ్బు ఒక్కటే కాదు. కంప్రెషర్‌ని లోపల తడిపి ఉంచే నూనె గ్యాసుతో పాటే తిరుగుతుంది. గ్యాసు తగ్గితే నూనె కంప్రెషర్‌కి సరిగ్గా తిరిగి రాదు. లీకు దగ్గర గ్యాసుతో పాటు నూనె కూడా కారిపోతుంది. అలా నూనె లేకుండా తిరిగి తిరిగి కంప్రెషర్ అరిగిపోతుంది. అంటే లీకు చూడకుండా రెండుసార్లు చవగ్గా గ్యాసు పోయించడమే మూడోసారి పెద్ద బిల్లుకి దారి తీస్తుంది.

లీకు ఎక్కడుందో చాలాసార్లు కంటితోనే కనిపిస్తుంది. పైపుల జాయింట్ల దగ్గర, కండెన్సర్ మీద, కంప్రెషర్ ముందు భాగంలో జిడ్డుగా, దుమ్ము అంటుకుని నల్లగా ఉన్న మచ్చ కోసం చూడండి. మిగతా పైపు పొడిగా ఉండి ఒక్కచోటే అలా జిడ్డు ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి.

పది నిమిషాల పరీక్ష

బండిని నీడలో పెట్టండి. కిటికీలన్నీ రెండు నిమిషాలు తెరిచి లోపలి వేడిని పోనివ్వండి. తర్వాత మూసేసి, ఇంజను ఆన్‌లో ఉంచి, ఏసీని పూర్తి చల్లదనం మీద, ఫ్యాన్ని ఎక్కువ మీద, లోపలి గాలి తిరిగే బటన్ మీద పెట్టండి. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉన్న బటన్ అదే. అది ఆఫ్‌లో ఉంటే బయటి 46 డిగ్రీల గాలిని ఏసీ చల్లబరచాల్సి వస్తుంది. ఈ బటన్ పొరపాటున నొక్కి ఉండటం వల్ల "ఏసీ పాడైంది" అనుకున్న సందర్భాలు తక్కువేం కాదు.

ఇప్పుడు ఈ ఆరు వరసగా చూడండి.

ఒకటి: ఇంజను వేడి సూచించే ముల్లు. అది మామూలు కంటే పైకి పోతుంటే ఏసీ సంగతి పక్కన పెట్టి బండి ఆపండి. ఇంజను మితిమీరి వేడెక్కితే చాలా కార్లు ఏసీని తమంతట తామే ఆపేస్తాయి. అప్పుడు అసలు జబ్బు రేడియేటర్ నీళ్లదో, ఫ్యానుదో అయి ఉంటుంది. వేడిగా ఉన్న రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పొద్దు.

రెండు: గాలి ఎంత జోరుగా వస్తోంది. జోరు తగ్గి ఉంటే ముందు క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో ఇది ముందు సీటు ఎదురుగా ఉన్న గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది. స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. ఎడారి దుమ్ముకి ఇది తొందరగా మూసుకుపోతుంది. ఇసుక తుఫానులు వచ్చే చోట పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కోసం చూడకుండా వేసవికి ముందొకసారి, మధ్యలో ఒకసారి తీసి చూడండి.

మూడు: కంప్రెషర్ పట్టుకుంటోందా. ఏసీ బటన్ నొక్కినప్పుడు బానెట్ లోంచి "టక్" అని శబ్దం వచ్చి, ఇంజను శబ్దం కాస్త మారాలి. కంప్రెషర్ ముందున్న చక్రం మధ్య పళ్లెం కూడా చక్రంతో పాటు తిరగాలి. చక్రం తిరుగుతూ పళ్లెం ఆగి ఉంటే కంప్రెషర్ పని చేయట్లేదు. కొన్ని కొత్త మోడళ్లలో ఈ క్లచ్చే ఉండదు, పళ్లెం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి అది తిరుగుతున్నంత మాత్రాన బాగుందని అనుకోవద్దు.

నాలుగు: కండెన్సర్ ఫ్యాను. ఏసీ వేసిన కాసేపటికి బండి ముందున్న ఎలక్ట్రిక్ ఫ్యాను తిరగాలి. చేయి దగ్గర పెట్టొద్దు. ఆగి ఉన్న ఫ్యాను ఏ క్షణాన్నైనా తనంతట తానే తిరగొచ్చు.

అయిదు: కండెన్సర్ ముఖం. బంపర్ జాలీలోంచి చూడండి. పురుగులు, ఇసుక, ప్లాస్టిక్ సంచి ముక్కలు పట్టి ఉన్నాయా? సన్నని రేకులు వంగిపోయి ఉన్నాయా?

ఆరు: రెండు పైపులు. కంప్రెషర్ నుంచి లోపలికి పోయే లావుపాటి పైపు చల్లగా, చెమట పట్టి ఉండాలి. సన్నపాటి పైపు వెచ్చగా ఉండాలి. లావు పైపు కొంచెం కూడా చల్లబడకపోతే గ్యాసో కంప్రెషరో తేడాగా ఉన్నట్టు. కంప్రెషర్ నుంచి కండెన్సర్‌కి పోయే పైపుని మాత్రం ముట్టుకోవద్దు, చేయి కాలుతుంది.

జబ్బుని బట్టి అనుమానం ఎక్కడ పెట్టుకోవాలి

రోడ్డు మీద చల్లగా, సిగ్నల్ దగ్గర వేడిగా వస్తే: అనుమానం ముందు కండెన్సర్ ఫ్యాను మీద పెట్టుకోండి. బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలి ఫ్యాను పని చేసేస్తుంది. ఆగగానే వేడి బయటకు పోదు. ఫ్యాను ఫ్యూజు, రిలే, మోటారు, దుమ్ము పట్టిన కండెన్సర్ - ఈ వరసలో చూడాలి. ఇక్కడ గ్యాసు పోస్తే లాభం లేదు, నష్టమే.

గాలి జోరుగా ఉంది, కానీ ఎప్పుడూ వేడిగానే ఉంది: కంప్రెషర్ పట్టుకోవట్లేదు. ఫ్యూజు పోయి ఉండొచ్చు, రిలే పోయి ఉండొచ్చు. గ్యాసు బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెషర్‌ని తిరగనివ్వదు. అది కంప్రెషర్‌ని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు. "కంప్రెషర్ పోయింది" అనే తీర్పుకి ముందు ఈ మూడూ చూడాలి.

కంప్రెషర్ కొన్ని సెకన్లకోసారి పట్టుకుని వదిలేస్తోంది: గ్యాసు తక్కువగా ఉందనడానికి ఇది బాగా తెలిసిన గుర్తు.

గంట సేపు బాగా చల్లగా వచ్చి, తర్వాత గాలే తగ్గిపోతుంది. బండి ఆపి కాసేపాగితే మళ్లీ బాగుంటుంది, కింద నీళ్లు బాగా కారతాయి: ఎవాపరేటర్ మీద మంచు గడ్డకడుతోంది. మూసుకుపోయిన ఫిల్టరు, చల్లదనం కొలిచే సెన్సరు, తక్కువ గ్యాసు - ఈ మూడింటిలో ఒకటి. అప్పటికప్పుడు ఏసీ బటన్ ఆపి ఫ్యాను మాత్రం నడిపితే మంచు కరుగుతుంది.

ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వేడిగా: గ్యాసు తక్కువ కావొచ్చు. లేదా డ్యాష్‌బోర్డు లోపల చల్లగాలి, వేడిగాలిని కలిపే తలుపుని తిప్పే చిన్న మోటారు పాడై ఉండొచ్చు. డ్యాష్‌బోర్డు వెనక "టక్ టక్ టక్" మని శబ్దం వస్తుంటే మోటారు మీదే అనుమానం పెట్టండి.

ఫ్యాను ఎక్కువ మీద పెడితేనే తిరుగుతుంది, మిగతా స్పీడ్లలో తిరగదు: బ్లోయర్ రెసిస్టర్ పోయింది. చాలా కార్లలో ఇది చిన్న భాగం, మార్చడం పెద్ద పని కాదు.

ముందు సీటు కింద మ్యాట్ తడుస్తోంది: ఏసీ నీళ్లు బయటికి పోయే సన్నని రబ్బరు గొట్టం మూసుకుపోయింది. బండి కింద నీటి చుక్కలు పడాలి. అది మంచి గుర్తే, భయపడొద్దు. పడకుండా లోపల తడుస్తుంటేనే తేడా.

పాత తడి బట్టల వాసన: ఎవాపరేటర్ మీద తేమకి బూజు పట్టింది. ఫిల్టరు మార్చి, ఎవాపరేటర్ శుభ్రం చేయించాలి. దిగడానికి రెండు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం నడిపితే లోపల ఆరి, వాసన తగ్గుతుంది.

ఏసీ వేయగానే కీచుమని అరుపు: బెల్టు వదులైంది, లేదా అరిగింది. గరగరమని ఇనుము రాసుకున్న శబ్దం వస్తే వెంటనే ఏసీ ఆపేయండి. లోపల కంప్రెషర్ అరిగి ఇనుప పొడి రాలుతుంటే, ఆ పొడి చుట్టంతా తిరిగి కండెన్సర్‌నీ వాల్వునీ కూడా పాడు చేస్తుంది.

గ్యారేజీలో రెండు మీటర్లు ఏం చెబుతాయి

ఉస్తాద్ రెండు గొట్టాలు తగిలిస్తాడు. నీలం మీటరు తక్కువ ఒత్తిడి వైపుది, ఎరుపు మీటరు ఎక్కువ ఒత్తిడి వైపుది. దూరంగా నిలబడకుండా దగ్గరికెళ్లి ఫోటో తీసుకోండి.

ఆర్-134ఎ బండికి, 40 డిగ్రీల ఎండలో, ఇంజను నడుస్తుండగా నీలం మీటరు సుమారు 40 నుంచి 55 పీఎస్ఐ, ఎరుపు మీటరు సుమారు 250 నుంచి 330 పీఎస్ఐ దాకా చూపించొచ్చు. కారుని బట్టి, ఎండని బట్టి ఇది మారుతుంది. మన ఊళ్లో చలికాలంలో చూసిన అంకెలతో పోల్చి "ఎక్కువ ఉంది" అనుకోవద్దు.

రెండూ తక్కువ: గ్యాసు తక్కువ, అంటే లీకు.

రెండూ ఎక్కువ: గ్యాసు ఎక్కువ పోశారు, లేదా కండెన్సర్ వేడి వదలట్లేదు. ఫ్యాను చూడాలి.

నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ: కంప్రెషర్ నొక్కలేకపోతోంది. కంప్రెషర్ పోయిందనడానికి గట్టి ఆధారం ఇదే.

నీలం సున్నా దగ్గరికి, ఇంకా కిందికి పోతుంటే: వాల్వు దగ్గర అడ్డు, లేదా లోపల తేమ గడ్డకట్టింది.

ఇంకో సంగతి. ఇంజను ఆపి చాలాసేపయ్యాక రెండు మీటర్లూ ఒకే అంకె చూపిస్తాయి. 40 డిగ్రీల వేడిలో అది సుమారు 130 పీఎస్ఐ. ఆ అంకె చూపించి "గ్యాసు నిండుగా ఉంది" అంటే నమ్మొద్దు. చుట్టులో కాస్త ద్రవం మిగిలి ఉన్నా అదే అంకె వస్తుంది. అంతకంటే బాగా తక్కువ ఉంటే మాత్రం గ్యాసు దాదాపు పోయినట్టే. లోపల ఎంత గ్యాసు ఉందో సరిగ్గా తెలియాలంటే బయటికి తీసి తూచడం ఒక్కటే దారి.

గ్యాసు పోయించేముందు ఉస్తాద్‌ని అడగాల్సినవి

మొదట "తహ్రీబ్ చూశారా?" అని అడగండి. తహ్రీబ్ అంటే లీకు. సబ్బు నీళ్లు, నైట్రోజన్ ఒత్తిడి, నీలి లైటు కింద మెరిసే రంగు - వీటితో లీకు పట్టొచ్చు.

రెండోది, పైపులు విప్పి ఉంటే వాక్యూమ్ పట్టాలి. కనీసం అరగంట మెషిన్ నడవాలి. ఆపాక మీటరు ముల్లు కాసేపు కదలకుండా నిలవాలి. ముల్లు పైకి వస్తే ఇంకా లీకు ఉన్నట్టు. వాక్యూమ్ లేకుండా పోస్తే లోపల గాలి, తేమ ఉండిపోతాయి. చల్లదనం రాదు, లోపలి భాగాలు తుప్పు పడతాయి.

మూడోది, గ్యాసు తూకం. ప్రతి కారుకీ ఎన్ని గ్రాములు పట్టాలో బానెట్ కింద స్టిక్కరు మీద రాసి ఉంటుంది. చిన్న కార్లకి చాలావరకు అరకిలో అటూ ఇటూ, వెనక ఏసీ కూడా ఉన్న పెద్ద బండ్లకి దానికి రెట్టింపు దాకా. "చేయి పెట్టి చూసి పోశాను" అనే మాట పనికిరాదు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

నాలుగోది, సరైన గ్యాసేనా. ఆర్-1234వైఎఫ్ బండిలో ఆర్-134ఎ కలపొద్దు. చవక సిలిండర్ల పేరుతో నకిలీ గ్యాసులు ఉన్నాయి. కొన్నిట్లో అల్యూమినియంతో రసాయన చర్య జరిపి ప్రమాదం తెచ్చే పదార్థాలు ఉంటాయి. లీకు మూసే మందు పోస్తామంటే కూడా వద్దనండి. అది లోపలి సన్నని రంధ్రాల్ని కూడా మూసేస్తుంది.

అయిదోది, కంప్రెషర్ మారిస్తే దానితో పాటు డ్రయ్యర్ కూడా మార్చాలి, పైపులు కడగాలి, నూనె సరైన రకం సరైన కొలతలో పోయాలి. హైబ్రిడ్ బండ్లలో కంప్రెషర్ కరెంటుతో నడుస్తుంది, దానికి వేరే నూనె. మామూలు నూనె పడితే కరెంటు లీకయ్యే ప్రమాదం ఉంది. ఆరెంజ్ రంగు వైర్లున్న బండిని దాని పని తెలిసిన చోటికే తీసుకెళ్లండి.

చివరగా పాత భాగం వెనక్కి అడగండి. ఫాతూరా మీద తేదీ, బండి నంబరు, కిలోమీటర్లు, గ్యాసు ఎన్ని గ్రాములు, ఏ భాగం మార్చారు, గ్యారంటీ ఎన్నాళ్లు - అన్నీ రాయించండి.

మీరు చేయొచ్చు, చేయకూడదు

చేయగలిగినవి: క్యాబిన్ ఫిల్టరు మార్చడం. ఇంజను చల్లారాక కండెన్సర్ మీద మామూలు కుళాయి నీళ్ల జోరుతో దుమ్ము కడగడం. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. పోయిన ఫ్యూజు స్థానంలో అదే అంకె ఉన్న ఫ్యూజు వేయడం. అంతకంటే పెద్ద ఫ్యూజో, వైరు ముక్కో పెడితే బండి తగలబడొచ్చు. అదే నంబరు ఉన్న మరో రిలేతో మార్చి చూడటం.

చేయకూడనివి: ఏసీ పైపుల నట్లు విప్పడం. లోపల ఒత్తిడి చాలా ఎక్కువ. ఆర్-134ఎ బయటికి వస్తే సున్నాకి 26 డిగ్రీల కింద మరుగుతుంది. చేయి గడ్డకట్టి పొక్కుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. గ్యారేజీల్లో హెల్పర్లుగా పనిచేసే తమ్ముళ్లు కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా ఈ పని చేయొద్దు. గ్యాసు లీకైన చోట సిగరెట్టు, వెల్డింగు వద్దు. మంటలో పడిన ఈ గ్యాసు విషపు పొగ అవుతుంది.

జీతంలో కోత వేస్తానంటే

రబ్బరు సీలు గట్టిపడటం, కండెన్సర్‌కి రాయి తగలడం, ఏళ్ల తరబడి తిరిగి కంప్రెషర్ అరగడం - ఇవి డ్రైవర్ తప్పులు కావు. తప్పు మీది కాదని చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండాలి, అంతే.

ఏసీ తేడాగా అనిపించిన రోజే కఫీల్‌కి, కంపెనీ అయితే సూపర్‌వైజర్‌కి, వాట్సాప్‌లో చెప్పండి. ఉదాహరణకి: "బాబా, ఈ రోజు నుంచి సిగ్నల్ దగ్గర ఏసీ చల్లగా రావట్లేదు. ముందు ఫ్యాను తిరగట్లేదు. గ్యారేజీలో చూపించాలి." ఇది వాయిస్‌లో పెట్టినా సరే, మాటల్లో కూడా ఒక లైను రాయండి. మీటర్ల ఫోటోలు, జిడ్డు మచ్చ ఫోటో, ఫాతూరా ఫోటో అన్నీ ఆ చాట్‌లోనే పెట్టండి. "గరగర శబ్దం వస్తోంది, నడపకపోవడమే మంచిది" అని మీరు చెప్పిన తర్వాత కూడా నడపమంటే ఆ మాట కూడా అక్కడే ఉంటుంది.

సౌదీ కార్మిక చట్టం 91వ అధికరణ ప్రకారం, కార్మికుడి తప్పు వల్లో, యజమాని ఆదేశాలు మీరడం వల్లో యంత్రం పాడైతేనే ఖర్చు జీతంలో పట్టుకోవచ్చు. అదీ నెలకి అయిదు రోజుల జీతం మించకూడదు. హౌస్ డ్రైవర్లకి వేరే నియమాలు వర్తిస్తాయి. మిగతా దేశాల్లోనూ ఇంటి పనివాళ్లకి ఒకటి, కంపెనీ కార్మికులకి ఒకటి అని చట్టాలు ఉన్నాయి. కాబట్టి "ఒప్పుకుంటున్నాను" అని రాసిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. అరబీలో ఉంటే తెలిసినవాళ్లతో చదివించుకోండి. యూఏఈలో ఉన్నవాళ్లు భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరుకి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మిగతా దేశాల్లో భారత ఎంబసీ కార్మిక విభాగాన్ని అడగండి. ఊళ్లో ఉన్న ఇంటివాళ్లు విదేశాంగ శాఖ "మదద్" పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

డబ్బు కంటే పెద్ద సంగతి

సౌదీ, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం ఎండలో బయట పని నిషేధం ఉంటుంది. బండి నడిపే పని మాత్రం ఆ గంటల్లోనూ ఆగదు. కాబట్టి డ్రైవర్‌కి ఏసీ సుఖం కోసం కాదు, ప్రాణం కోసం.

ఏసీ లేకుండా నడపాల్సి వస్తే కిటికీలు తెరవండి, నీళ్లు గుటక గుటకగా తాగుతూ ఉండండి, మెడ మీద తడి గుడ్డ వేసుకోండి. తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, కాళ్లు పిక్కలు పట్టేయడం మొదలైతే బండి నీడలో ఆపండి. మాట తడబడటం, మతి తప్పినట్టు ప్రవర్తించడం, ఒళ్లు కాలిపోవడం వడదెబ్బ గుర్తులు. వెంటనే ఒంటి మీద నీళ్లు పోసి, గాలి తగిలేలా చేసి, అంబులెన్స్ పిలవండి. యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతార్‌లో, బహ్రెయిన్‌లో 999, ఒమన్‌లో 9999.

రెండో జాగ్రత్త. మేడమ్ షాపింగులో ఉన్నంతసేపూ ఇంజను, ఏసీ వేసుకుని బండిలో నిద్రపోయే అలవాటు చాలామందికి ఉంది. మూసి ఉన్న గ్యారేజీలో, గాలి ఆడని బేస్‌మెంట్‌లో అది చాలా ప్రమాదం. సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఎంత ఉక్కగా ఉన్నా బండి దిగి, డ్రైవర్ల గదిలోనో, మాల్ లోపలో కూర్చోండి.

మూడోది పిల్లల సంగతి. ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకి కూడా ఇది చెప్పండి. ఏసీ ఆన్‌లోనే ఉంది కదా అని పసిపిల్లల్ని అయిదు నిమిషాలైనా బండిలో ఒంటరిగా వదలొద్దు. ఇంజను ఆగిపోయినా, కంప్రెషర్ వదిలేసినా మీకు తెలియదు. ఎండలో మూసిన కారులో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. దిగేటప్పుడు వెనక సీటు తిరిగి చూడటం రోజూ అలవాటు చేసుకోండి.

ఈసారి ఏసీలోంచి వేడి గాలి వచ్చినప్పుడు కంగారు పడొద్దు. నీడలో ఆపండి, ఆరూ చూడండి, కనబడింది రాయండి, ఫోటో పంపండి. "ఏసీ ఖర్బాన్" అని మాత్రమే చెప్పే డ్రైవరికీ, "ఫ్యాను తిరగట్లేదు, కంప్రెషర్ పట్టుకుంటోంది, జాయింటు దగ్గర జిడ్డు ఉంది" అని చెప్పే డ్రైవరికీ గ్యారేజీలో, కఫీల్ దగ్గర దక్కే మర్యాద వేరు. కొత్తగా ఊరి నుంచి డ్రైవింగ్ వీసా మీద వచ్చే తమ్ముళ్లకి కూడా రూములో ఒక సాయంత్రం బానెట్ ఎత్తి ఇవన్నీ చూపించండి.